ద్వారము గలదు, దారి యేది?

ఏ వృత్తి విషయముననైనను శాసనము చేయవలసిన పనులు రెండు. అర్హత లేనివానిని వాకిట నిలుపుట యొకటి. అర్హత సంపాదింపగోరువానికి దారి యేర్పఱచుట రెండవది. మొదటిది చేసి రెండవదానిని మఱచిన ప్రభుత్వము, పొలమునకు కంచె నాటి విత్తనము చల్లని సేద్యగానివంటిది. మనోవ్యాధుల చికిత్స విషయమున మన దేశమున నేడు జరుగుచున్నది ఇదియే. దేశమందంతటను గల యీ లోటు మన అనంతపురపు మెట్టసీమలో మఱింత తేటగా కనబడుచున్నది.

1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టమును చేసినది. ఆ చట్టపు 13వ సెక్షను ప్రకారము, కేంద్ర పునరావాస రిజిస్టరునందు పేరు నమోదు కానివాడు ఈ దేశమున ఎక్కడను క్లినికల్ సైకాలజిస్టుగా వృత్తి సాగింపరాదు. సాగించెనేని ఒక సంవత్సరము వఱకు ఖైదు, లేదా వేయి రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. నిషేధము న్యాయమైనదే. కాలు విఱిగినవానిని ఎముకల శాస్త్రము తెలియనివాని చేతికి అప్పగింపము గదా! మనసు విఱిగినవానిని మాత్రము నోటి చలాకితనమొక్కటే పెట్టుబడిగా గలవాని చేతికి ఎట్లప్పగింతుము? కావున ద్వారముకడ కావలి యుండుట తప్పని మేము చెప్పము. ఆ ద్వారమువఱకు పోవుటకు మన సీమ బిడ్డలకు దారి యున్నదా యనునదే మా ప్రశ్న.

ముందుగా మాటల తికమకను తీర్చుకొందము. మన పట్టణములలో 'మనసు డాక్టరు' అను నొక్క పేరుతో ముగ్గురిని పిలుచుచున్నారు. మొదటివాడు సైకియాట్రిస్టు, అనగా మనోవైద్యుడు. ఇతడు ఎం.బి.బి.ఎస్. ముగించి, ఆపై మనోవైద్యమున ప్రత్యేకముగ చదివినవాడు. మందులు వ్రాయు అధికారము గలవాడు. రెండవవాడు క్లినికల్ సైకాలజిస్టు. ఇతడు మందులు వ్రాయడు. రోగితో మాటాడి, శాస్త్రీయమైన పరీక్షలు చేసి, వ్యాధి స్వరూపమును నిర్ణయించుటకు తోడ్పడి, మాటలచేతను అభ్యాసములచేతను క్రమపద్ధతిని చికిత్స చేయువాడు. మూడవవాడు కౌన్సెలరు, అనగా సలహాదారు. వీరిలో చక్కగా చదివిన సమర్థులును గలరు. పది దినముల తరగతికి పోయి గోడకు పత్రము తగిలించుకొన్నవారును గలరు. బోర్డు చూచినంత మాత్రమున ఎవరెట్టివారో సామాన్యునకు తెలియుట లేదు.

ఇక రెండవ వృత్తికి దారి యెట్లుండెనో చెప్పుదము. ఇంటర్మీడియటు తరువాత మూడేండ్ల పట్టము, దానిపై మనస్తత్త్వశాస్త్రమున రెండేండ్ల ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ., దానిపై పునరావాస మండలి గుర్తించిన సంస్థలో రెండేండ్ల ఎం.ఫిల్.; వెరసి ఏడేండ్లు. ఎం.ఏ. ముగించినంతనే ఎవడును క్లినికల్ సైకాలజిస్టు కాడు. పిహెచ్.డి. పట్టము ఒక్కటే యున్నను కాడు. ఆ తుది రెండేండ్లే అసలైన శిక్షణ. విద్యార్థి పూర్తి కాలము ఆసుపత్రిలో నుండి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూచి, ప్రతి రోగి వృత్తాంతమును వ్రాసి, గురువుల యెదుట సమర్థించుకొనవలెను. అది ముగిసిన పిదప రిజిస్టరున పేరు నమోదగును. ఆ నమోదును నియమిత కాలమునకొకమాఱు నూతన శిక్షణతో పునరుద్ధరించుకొనవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము క్లినికల్ సైకాలజిస్టు అను పదమునకు అర్థము చెప్పుచు, పర్యవేక్షణతో కూడిన ఈ శిక్షణనే ముఖ్యలక్షణముగ పేర్కొన్నది. రాష్ట్రములోని క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేయు బాధ్యతను రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికారమునకు అప్పగించినది.

ఈ దారియు స్థిరముగ నుండలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఎం.ఫిల్. పట్టమును ఎత్తివేయ నిశ్చయించెను. 2022లో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను తన నిబంధనలచే దానిని నిలిపివేసెను. అటుపిమ్మట, ఆసుపత్రులకు మనుష్యులు దొరకరను సంగతి స్ఫురించెను గాబోలు, క్లినికల్ సైకాలజీకిని మనోవైద్య సంఘసేవకును మాత్రము 2025-26 విద్యాసంవత్సరపు ప్రవేశములవఱకు మినహాయింపు నిచ్చిరి. పట్టమునకు ఏ పేరు పెట్టినను మాకు పట్టింపు లేదు. ఆ పట్టము లోపల రోగి మంచము ప్రక్కన గడపిన దినములు తగ్గకూడదు. ఇదియే మా పట్టుదల. పేరు మార్చు సందడిలో శిక్షణ పలుచబడెనేని, రిజిస్టరు నిండును గాని రోగికి మేలు కలుగదు.

ఈ శాస్త్రము మనకు పరాయిది, దొరలు తెచ్చిన వేడుక యని కొందఱు తలంతురు. అది సరికాదు. కలకత్తా విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రపు శాఖ వెలసి నూఱేండ్లు దాటినది. 1922లో గిరీంద్రశేఖర బోసు అచ్చట భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి, వియన్నాలోని ఫ్రాయిడు పండితునితో సమానునివలె ఉత్తరప్రత్యుత్తరములు నడపెను. మన పొరుగుననే మైసూరు విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమును బోధించిన ఎం. వి. గోపాలస్వామిగారు రేడియోకు 'ఆకాశవాణి' అను పేరిచ్చినవారుగా దేశమెఱిగినవారు. 1946 నాటి భోరు కమిటీ, మనోవైద్యమునకు శిక్షణాలయములు లేకుండుట గొప్ప కొఱతయని చెప్పెను. దాని ఫలితముగ 1954లో బెంగళూరున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ నెలకొన్నది. మఱుసటి యేడే అందు మనశ్శాస్త్రజ్ఞుల శిక్షణ ఆరంభమైనది. 1974లో అదియే నిమ్హాన్సుగా మాఱినది.

మన సీమకు ఇంకను దగ్గఱి సంగతి యొకటి గలదు. 1882లో బళ్ళారి జిల్లానుండి వేఱుచేయబడి ఏర్పడినదే మన అనంతపురము జిల్లా. ఆ బళ్ళారిలో 1985 మొదలు 1990 వఱకు నిమ్హాన్సువారు ఒక ప్రయోగము చేసిరి. మనోవ్యాధిగ్రస్తుని దూరపు ఆసుపత్రికి పంపుటకు బదులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును సిబ్బందికిని శిక్షణ యిచ్చి, మందులు సమకూర్చి, ఊరి చెంతనే చికిత్స జరుగునట్లు చూచిరి. ఆ ప్రయోగమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమముగ దేశమున మొదలైనది. మొదటి యేట ఎన్నుకొన్న నాలుగు జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశపు మెదకు ఒకటి. గుంతకల్లు దాటినచో కనబడు బళ్ళారి దేశమునకే మాదిరి చూపినది. ఆ మాదిరి మన గడపకు నిండుగ రావలసియున్నది.

ఇక అవసరమెంతయో చూడుడు. 2015-16లో నిమ్హాన్సు నడపిన జాతీయ మానసిక ఆరోగ్య పరిశీలనలో, వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లు తేలెను. వ్యాధి ననుసరించి నూటికి డెబ్బదిమొదలు తొంబదిమంది వఱకు చికిత్స పొందుటయే లేదనియు తేలెను. పండ్రెండు రాష్ట్రములలో జరిగిన ఆ పరిశీలనలో ఆంధ్రప్రదేశము గాని తెలంగాణము గాని లేవు. మన బాధకు లెక్క సయితము లేదన్నమాట! ఇక చికిత్స చేయువారెందఱు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రకటించిన లెక్కలలో భారతదేశమున లక్షమందికి 0.07 మంది సైకాలజిస్టులు. అనగా సుమారు పదునాలుగు లక్షల జనమునకు ఒక్కడు. 2011 జనాభా లెక్కలలో అవిభక్త అనంతపురము జిల్లా జనము నలువది లక్షల యెనుబదివేలు. దేశపు సగటు చొప్పున మనకు వచ్చు వాటా ముగ్గురు. ఆ సగటును మహానగరములే మ్రింగివేయుచుండగా, మడకశిరకును కళ్యాణదుర్గమునకును మిగులునదేమి?

మనది సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు నేల. వేరుసెనగ విత్తి మబ్బుకేసి చూచుట, బోరు వేసి నీరు పడక అప్పు మిగిలించుకొనుట, తాళము వేసి బెంగళూరునకు వలసపోవుట, ఇవి మనవారి వార్షిక చరిత్ర. 1990ల తుదినుండి రైతుల బలవన్మరణములు ఈ జిల్లాను దేశము నోట నానునట్లు చేసినవి. 2004లో రాష్ట్ర ప్రభుత్వము జయతీ ఘోష్ గారి అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషనును నియమింపవలసి వచ్చినది.

"అప్పులవానికి సైకాలజిస్టు ఏమి చేయును? వాన కురిపించునా, బ్యాంకు బాకీ తీర్చునా?" యని అడుగువారు గలరు. ప్రశ్న న్యాయమైనది. నీరు, గిట్టుబాటు ధర, పంటల బీమా, ఇవి ప్రభుత్వము తీర్పవలసిన ఋణములు. వానికి మాఱుగా ఊరడింపు మాటలు పంచిపెట్టుట మోసమే యగును. అయినను ఒకే ఊరిలో, ఒకే కఱవులో, ఒకే అప్పుతో నున్న ఇరువురిలో ఒకడు నిలబడును, ఒకడు కూలిపోవును. నిద్ర పోయి, ఆకలి పోయి, మాట తగ్గి, తన బ్రదుకు ఇంటికి బరువని తలపోయువాని స్థితి చికిత్సకు లోబడు వ్యాధి యైయుండవచ్చును. దానిని గుర్తించుటకు నేర్పు కావలెను. పోయినవాని భార్యకును, తండ్రి మరణమును చూచిన బిడ్డకును అటుపిమ్మట ఏండ్ల తరబడి తోడు కావలెను. ఆ తోడు నీటికి బదులు కాదు, నీరు నీరే, తోడు తోడే, రెండును కావలెను.

బలవన్మరణమొక్కటే కాదు. బుద్ధి వికాసము తక్కువైన బిడ్డ పుట్టిన పేదయింటి సంగతి చూడుడు. ఆ బిడ్డకు పింఛను రావలెనన్న వైకల్య ధ్రువపత్రము కావలెను. ధ్రువపత్రమునకు బుద్ధిపరీక్ష జరుగవలెను. ఆ పరీక్ష చేయుటకు శిక్షణ పొందిన సైకాలజిస్టు కావలెను. ఆ యొక్కడు లేనిచోట తల్లి బిడ్డను చంకనెత్తుకొని బస్సులు మాఱి తిరుగును. కూలి పోవును, దారి ఖర్చు పోవును, తుదకు తారీఖు మాత్రము చేతికి వచ్చును. న్యాయస్థానములలో మేమిట్టి తల్లులను చూచుచున్నాము. చట్టము వారికి హక్కు నిచ్చినది. ఆ హక్కుపై సంతకము చేయు చేయి మాత్రము జిల్లాలో చాలినంత లేదు.

భాష సంగతి ఇంకను ముఖ్యమైనది. కడుపునొప్పిని వ్రేలితో చూపవచ్చును. మనోవ్యథను మాటలతోగాక చూపుటకు వీలులేదు. మన పల్లెపడుచు "నాకు దిగులు వ్యాధి యున్నది" అని చెప్పదు. "గుండెల్లో దడ" అనును, "తల దిమ్ముగా ఉంది" అనును, "ఒంట్లో సత్తువ లేదు" అనును, "గాలి సోకింది" అనును. ఆ పలుకుబడి నెఱిగిన చెవికి వ్యాధి తెలియును. ఎఱుగని చెవికి రక్తహీనతగానే వినబడును. 1930లలో వి. వి. కామతు ధారవాడలో బినే పండితుని బుద్ధిపరీక్షను కన్నడ, మహారాష్ట్ర బాలురకు అనువుగ మార్చి తన జీవితమును సార్థకము చేసికొనెను. అట్టి దీక్షతో తెలుగు పల్లెబిడ్డల పలుకునకును అనుభవమునకును తగిన కొలబద్దలను తయారుచేయువారు మనలోనుండియే రావలెను. పట్టణపు ఇంగ్లీషు ప్రశ్నను తడబడు తెలుగున అడిగి, జవాబు రాలేదని బిడ్డను మందమతిగా తేల్చుట శాస్త్రము కాదు.

దారి లేనిచోట ఏమి జరుగును? జనము తోచిన దారిని పోవుదురు. గుడికి పోవుటయు దర్గాకు పోవుటయు తప్పని మేమనము. అచ్చట దొరకు ఊఱట గొప్పదే. కాని ఊఱటనే చికిత్సయని నమ్మి, రోగిని గొలుసులతో కట్టినప్పుడు ఘోరము జరుగును. 2001 ఆగస్టులో తమిళనాటి ఎరవాడిలో అగ్ని ప్రమాదమున, గొలుసులతో బంధింపబడిన 28 మంది మనోరోగులు పారిపోవ వీలులేక కాలిపోయిరి. నేడు గొలుసుల స్థానమున మఱియొక ప్రమాదము వచ్చుచున్నది. అది అర్హత లేని 'చికిత్సకుల' బోర్డు. వ్యాధి ముదురునంతవఱకు డబ్బు లాగి, తుదకు "మీ అదృష్టము" అని పంపివేయుట వీరి పద్ధతి. 1992 చట్టపు వేయి రూపాయల జరిమానా ఇట్టివారికి చీమకుట్టినట్లయినను ఉండదు.

2025 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. విశాఖపట్టణమున పరీక్షకు సిద్ధపడుచు మరణించిన ఒక విద్యార్థిని విషయమై వచ్చిన వ్యాజ్యమది. మానసిక ఆరోగ్యము రాజ్యాంగపు 21వ అధికరణమున గల జీవనహక్కులోని భాగమని న్యాయమూర్తులు ప్రకటించిరి. నూఱుమందికి తక్కువ కాని విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు, బాలల మానసిక ఆరోగ్యమున శిక్షణ పొందిన కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సంఘసేవకునో నియమింపవలెనని ఆదేశించిరి. తీర్పు శిరోధార్యము. కాని అనంతపురము, హిందూపురము, ధర్మవరము, తాడిపత్రి పట్టణముల కళాశాలలను మాత్రమే లెక్కించినను, అట్టి శిక్షణ గలవారిని ఎచ్చటనుండి తెత్తురు? మనుష్యులను తయారుచేయక నియామకములను మాత్రము ఆజ్ఞాపించినచో, డ్రిల్లు మాష్టరుకే ఇంకొక బిరుదు తగిలించి తనిఖీదారుకు చూపుదురు. ఆర్డరు నెఱవేరును, బిడ్డ ఒంటరియే.

ఈ చిక్కునకు విడుపు 2017 చట్టములోనే గలదు. ఆ చట్టపు 18వ సెక్షను మానసిక చికిత్స పొందుట ప్రతివాని హక్కని చెప్పినది. సేవలు రోగి నివాసమునకు దగ్గఱనే యుండవలెననియు చెప్పినది. 31వ సెక్షను ప్రభుత్వముల మీద స్పష్టమైన భారము మోపినది: శిక్షణా కార్యక్రమములను ఏర్పఱచి, జనాభాను బట్టి అంతర్జాతీయ ప్రమాణములకు తగినంతమంది నిపుణులుండునట్లు, చట్టము అమలునకు వచ్చిన పదేండ్లలోపల కృషి చేయవలెను. చట్టము 2018లో అమలునకు వచ్చినది. గడువు 2028. ప్రజలను నిషేధించు సెక్షను అందఱికిని జ్ఞాపకమున్నది. ప్రభుత్వమును కట్టిపడవేయు సెక్షను ఎవరికిని జ్ఞాపకము లేదు. దానిని జ్ఞాపకము చేయుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా కోరికలు పెద్దవి కావు. మొదటిది, 2000లో వెలసిన అనంతపురము ప్రభుత్వ వైద్యకళాశాలయందు, అనుబంధమైన సర్వజన ఆసుపత్రియందు, పునరావాస మండలి గుర్తింపు పొందగల శిక్షణాశాఖను నెలకొల్పవలెను. రెండవది, ఆ శిక్షణకు ఎన్నికైన పేద విద్యార్థులకు రెండేండ్లును భోజనమునకు చాలిన విద్యార్థివేతనము నిచ్చి, బదులుగా కొన్నేండ్లు ఈ సీమలోనే పనిచేయునట్లు ఒప్పందము వ్రాయించుకొనవలెను. ఏడేండ్లు చదివినవాడు కుటుంబమును పోషింపగల శాశ్వతోద్యోగము లేక ఏటేట కాంట్రాక్టు కాగితమునకై ఎదురుచూచుచున్నచో, అతడును బెంగళూరు రైలెక్కును. మూడవది, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమున ఏ పదవి నిండినదో, ఏది ఖాళీయో అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలు రెండింటను ప్రతి సంవత్సరము ప్రకటింపవలెను. నాల్గవది, జరిమానాను నేటి కాలమునకు తగినట్లు పెంచవలెను. 2021లో చేయబడిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టమునందు, క్లినికల్ శాఖకు వెలుపలి సైకాలజిస్టులును సలహాదారులును చేర్పబడిరి. వారి రిజిస్టరులను జాగుచేయక తెఱచి, ఎవరు ఎంతవఱకు చేయవచ్చునో ప్రజలకు తెలుపవలెను.

శిక్షణ కాలమును తగ్గించి, మూడు నెలలలో సైకాలజిస్టులను తయారుచేసిన చాలదా యని కొందఱు వాదింతురు. కూడదు. బళ్ళారిలో ఆరోగ్యకార్యకర్తలకు స్వల్పశిక్షణ యిచ్చిన మాట నిజమే. కాని వారిని నిపుణులని పిలువలేదు. వారి పైన చూచు నిపుణులుండిరి. ఊరిలో కనిపెట్టువాడు, ఆసుపత్రిలో చికిత్స చేయువాడు, ఇరువురును కావలెను. పేదలకు తక్కువ శిక్షణ గలవాడు చాలుననుట పేదలను తక్కువ మనుష్యులుగ నెంచుటయే.

ప్రజలు చేయదగినదియు గలదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొనువానిని నమోదు సంఖ్య అడుగుడు. అడుగుట అవమానము కాదు; అర్హుడు సంతోషముతో చూపును. పాఠశాలల కార్యవర్గములలో నున్న పెద్దలు తమ సంస్థ ఎవరిని నియమించినదో, వారి చదువేమో సభలో ప్రశ్నింపుడు. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి-మానసు సంఖ్య 14416ను ప్రతి పఠనమందిరపు గోడమీదను వ్రాయింపుడు. ఆపదలో నున్నవారు అచ్చటకు ఉచితముగ మాటాడవచ్చును. ఇంట మౌనముగ కూర్చున్నవానిని "పిచ్చి" యని వెక్కిరింపక, ప్రక్కన కూర్చుండి అడుగుడు. ఇంజనీరింగు, వైద్యము తప్ప వేఱు చదువు లేదని తలంచు తలిదండ్రులారా, మీ బిడ్డ మనస్తత్త్వశాస్త్రము చదివెదనన్నచో ఆపకుడు. ఆ చదువునకు ఓర్పు గల యువతీయువకులు మన సీమలో కొఱవడలేదు. వారిని చేర్చుకొను శిక్షణాలయమే కొఱవడినది.

కఱవు నేలలో బావి త్రవ్వించుట పుణ్యమని మన పెద్దలు నమ్మిరి. వ్యథ చెప్పుకొనుటకు తగిన మనుష్యుని తయారుచేయుటయు అట్టి పుణ్యమే. 2028 ఎంతో దూరమున లేదు. గడువు దాటిన పిదప ప్రభుత్వమును నిందించుటకన్న, గడువులోపల బాకీ అడుగుట పౌరధర్మము. శాసనసభ్యుల వాకిటను, జిల్లా పరిషత్తు సభలందును, విశ్వవిద్యాలయపు పాలకవర్గముల యెదుటను ఆ బాకీని నేటినుండి అడుగుదము.